వందనాలకు సరిపోయిన పావుగంట

పాపాతిని చంపింది జబ్బు కాదు, శాలువాలు. ఈ సంగతిలో ఏసుదాసుకు అనుమానం లేదు. కాదన్నవాళ్ళతో వాదించడు, వాళ్ళ గడప మళ్ళీ తొక్కడు. తమిళనాడు గుడియాత్తంలో అట్లా ఆయన తొక్కని గడపలు ఇప్పుడు చాలానే ఉన్నాయి.

మొగుడూ పెళ్ళాం ఇద్దరూ పేర్ణాంబట్టు రోడ్డులో బూట్ల ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్ళే. అక్కడ బూటు మొత్తం తయారు కాదు. అడుగు లేకుండా పైభాగం మాత్రం కుట్టి పంపుతారు. దాన్ని అందరూ అప్పర్ అంటారు. ఏసుదాసు తోలు కోసేవాడు. ఆ కోసిన తోలు అంచుకు పాపాతి జిగురు రాసి, మడిచి, చిన్న సుత్తితో కొట్టి, కుట్టేవాళ్ళకు అందించేది. "నువ్వు కోసేదంతా వంకర. నా బతుకంతా నీ వంకర మడిచేదానికే సరిపోయె" అని అన్నాల వేళ పదిమందిలో అనేది. ఏసుదాసు నవ్వేవాడు కాదు. ఆయన నవ్వకపోవడమే ఒప్పుకోవడమని ఆమెకు తెలుసు.

ఆ అప్పర్లు ఇంగ్లండుకు పోయేవి. అక్కడి కంపెనీ వాటికి అడుగులు వేసి జర్మనీకీ ఫ్రాన్సుకూ అమ్ముకునేది. ఆ దేశాలన్నీ ఒక కూటమి. ఇంగ్లండు అందులో ఉన్నన్నాళ్ళు సరిహద్దు దగ్గర అడిగేవాడు లేడు. తర్వాత ఇంగ్లండు కూటమి విడిచి బయటికి వచ్చేసింది. అప్పటినుంచి ఈ తోలు ఎక్కడిది, ఈ కుట్టు ఎవరిది అని ప్రతి పెట్టెకూ జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది, సుంకం కట్టాల్సి వచ్చింది. ఇంగ్లండు కంపెనీ విసిగిపోయి ఆర్డర్లు తగ్గించింది.

ఇట్లాంటి కష్టం వస్తుందని తెలిసే, సరుకు పంపేవాళ్ళకు దారి చూపమని ఢిల్లీలో ఒక శాఖకు పని అప్పగించారు. నేరుగా జర్మనీకి పంపాలంటే ఏం చేయాలో చెప్పమని ఫ్యాక్టరీ ముదలాళి, అంటే యజమాని, ఆ శాఖను అడిగాడు. జవాబు రాలేదు. మళ్ళీ అడిగాడు. చివరికి జవాబు వచ్చింది. దాన్ని అందుకున్నది వాచ్‌మన్. అప్పటికి గేటుకు తాళం పడి ఉంది.

తాళం పడితే అందరికీ పని పోయింది. పాపాతికి కార్డు కూడా పోబోతోంది. ఆమె మూత్రపిండాలు చెడిపోయాయి. వారానికి రెండుసార్లు వేలూరుకు పోయి రక్తం కడిగించుకోవాలి. ఫ్యాక్టరీ పనివాళ్ళకు ఇచ్చే వైద్యం కార్డు మీదే అది జరుగుతూ వచ్చింది. పని ఆగితే కార్డు కొన్నాళ్ళు నడిచి, తర్వాత అదీ ఆగుతుంది. ధర్మాసుపత్రిలో పేరు రాయించారు. అక్కడ మిషన్లు తక్కువ, చేతులు చాచుకుని కూర్చున్నవాళ్ళు ఎక్కువ.

ఇంతలో పార్లమెంటు కమిటీ వేలూరుకు వస్తోందన్న కబురు తెలిసింది.

కబురు తెచ్చినవాడు లోకనాథం, కార్మిక సంఘం కార్యదర్శి. లుంగీల కొట్టు మీది అద్దె గదిలో అందరినీ కూర్చోబెట్టి విషయం చెప్పాడు. ఢిల్లీ శాఖ తన పని సరిగ్గా చేసిందా లేదా అని ఈ కమిటీ విచారిస్తుంది. ఎంపీలు అడుగుతారు. శాఖలోని పెద్ద ఆఫీసరు ఎదురుగా కూర్చుని జవాబు చెప్పి తీరాలి. అక్కడ ఒప్పుకున్న మాట వెనక్కి తీసుకోవడానికి లేదు. పనివాళ్ళ వైపు నుంచి ఒక్కరు మాట్లాడవచ్చు. పావుగంట ఇచ్చారు. ఆ ఒక్కరి పేరు ముందే పంపాలి.

"అడగాల్సింది ఒకటే" అన్నాడు ఏసుదాసు. "ఇంగ్లండు బయటికి పోయినదానికి మా గేటు మూసినారు. దాంట్లో మా తప్పు ఏముండాది? ఇంగో పని దొరికేదాకా కార్డు నడపండి. అంతే. నేను అడుగుతా."

కుట్టుపని చేసే చిన్నమణి నవ్వాడు. "నువ్వా అన్నా? నువ్వు నోరు తెరిస్తే మొదటిది తిట్టు, రెండోది దానికన్నా పెద్ద తిట్టు. ఎంపీలు టీ గూడా తాగకుండా లేచి పోతారు."

"లోకనాథం అన్న ఉండంగా ఇంగొకరు ఎందుకు?" అంది కాంచన. ఆమె కూడా కుట్టుపనిదే. మొగుడికి మూర్ఛ జబ్బు. వాడి మందులు ఆ కార్డు మీదే వస్తాయి.

కాంచన అన్నదానికి ఎవరూ అడ్డం చెప్పలేదు. లోకనాథం పార్టీ మేడై మీద పెరిగినవాడు. మేడై అంటే సభావేదిక. మైకు లేకపోయినా ఆయన గొంతు పక్కవీధికి వినిపిస్తుంది. ఆ మేడైకి ఒక పద్ధతి ఉంది. మాట్లాడేవాడు మొదట వేదిక మీదున్న ప్రతివాడినీ పేరు పెట్టి, బిరుదు చేర్చి, చివర 'గారూ' అన్నట్టు 'అవర్గళే' అని పిలవాలి. జిల్లా కార్యదర్శి నుంచి వార్డు మెంబరు దాకా ఎవరినీ వదలకూడదు. వదిలితే ఆ మనిషి జన్మలో మరిచిపోడు. శాలువాలు కప్పాలి. విషయం చివర్లో రావాలి, చప్పట్ల మీద రావాలి. ముప్పై ఏళ్ళలో లోకనాథం ఒక్క పేరు వదలలేదు. దానికే ఆయనకు పేరు.

కమిటీకి ముందు రోజు సాయంత్రం ఆయన పాపాతిని చూడటానికి ఇంటికి వచ్చాడు. జబ్బు ఎప్పుడు మొదలైంది, ఎక్కడ చూపించుకున్నారు అని అన్నీ అడిగి తెలుసుకున్నాడు.

"చెల్లీ, నీ సంగతే నా ముగింపు" అన్నాడు. "అంతా చెప్పి, కడాకు నీ పేరు ఎత్తుతా. హాలులో ఒక్క కన్ను ఆరి ఉండకూడదు."

"కడాకు ఎందుకన్నా? మొదలే చెప్పరాదా?"

"మొదలే ఎట్లమ్మా? యాడో ఢిల్లీ నుంచి పెద్దమనుషులు వచ్చి కూర్చోనుంటారు. వాళ్ళకు వణక్కం గూడా పెట్టకుండా మందుచీటీ చదవమంటావా?"

"చదువన్నా. నా రక్తం నీ వణక్కం అయ్యేదాకా ఆగతాదా?"

లోకనాథం ఇల్లు అదిరేట్టు నవ్వాడు. "విన్నావా ఏసూ? నీ పెళ్ళాన్ని పార్టీలో చేర్చుంటే ఈపాటికి మంత్రి అయిపోయుండును."

ఏసుదాసు నవ్వలేదు. "అది చెప్పిందే చెయ్యి. లేచిన వెంటనే అడుగు."

"మేడై ఎక్కేది నువ్వు నాకు నేర్పిస్తావా అప్పా?" అన్నాడు లోకనాథం. కోపంగా అనలేదు, చిన్నపిల్లవాడి మాట విన్నట్టు అన్నాడు. పాపాతి ఇచ్చిన కాఫీ తాగి, ఆమె తలమీద చెయ్యి పెట్టి వెళ్ళిపోయాడు. ఆ చెయ్యి నిజమైనదే. దాన్ని ఏసుదాసు ఇప్పటికీ కాదనడు. నిజమైనదైతే మాత్రం ఏం లాభమని అంటాడు.

మరునాడు పాపాతికి రక్తం కడిగించే వంతు కూడా. తెల్లవారుతూనే బస్సెక్కి వేలూరు పోయి, అది ముగించుకుని, చేతికి కట్టుతోనే మధ్యాహ్నం హాలుకు వచ్చింది. ఒక హోటల్లో మేడ మీద ఏసీ హాలు అది. వెనక వరుసలో కూర్చుని చలికి తువ్వాలు కప్పుకుంది.

ముందర బల్లలు గుర్రపు లాడం ఆకారంలో వేశారు. మధ్యలో అధ్యక్షుడు, ఉత్తరాది ముసలాయన, నెమ్మదస్థుడు. అటూ ఇటూ ఎంపీలు. వాళ్ళకు ఎదురుగా ఢిల్లీ శాఖ ఆఫీసరు. ఆయన ముందు ఒక లావుపాటి ఫైలు, అందులో పచ్చ చీటీలు. పక్కన దుబాసీ కూర్చుంది. ఆమె పేరు పంకజం, వేలూరులో ఇంగ్లీషు చెప్పే టీచరమ్మ.

మొదట ఎంపీలు అడిగారు. ఎన్ని సమావేశాలు పెట్టారు, ఎన్ని ఊర్లలో పెట్టారు అన్నారు. ఆఫీసరు అంకెలు చదివాడు. ఒక ఎంపీ బాగుందన్నాడు. ఇంకొకాయన టీ కలిపాడు. తాళం పడిన గేటు మాట ఎవరూ ఎత్తలేదు. అది ఎత్తాల్సినది పనివాళ్ళు, ఎత్తడానికే వాళ్ళకు పావుగంట.

లోకనాథం లేచాడు. పార్టీ రంగు అంచు పంచె, ఇస్త్రీ చొక్కా. చేతిలో పెద్ద గుడ్డసంచి. అందులోనుంచి శాలువాలు తీశాడు. అధ్యక్షుడు వద్దన్నట్టు చెయ్యి ఎత్తేలోపలే శాలువా ఆయన భుజం మీద పడింది. తర్వాత ఒక్కొక్క ఎంపీ దగ్గరికి వెళ్ళి కప్పి, వంగి దండం పెట్టాడు. ఫోటోవాడు ప్రతిసారీ ఆగమన్నాడు. చివరగా ఆఫీసరుకు కూడా కప్పాడు. ఆఫీసరు ఆశ్చర్యపోయి చుట్టూ చూశాడు.

అప్పుడు మైకు దగ్గరికి వచ్చి తమిళంలో అందుకున్నాడు.

"పార్లమెంటు అనే మహాసముద్రాన్ని చూపుడువేలితో నడిపించే మాన్బుమిగు అధ్యక్షులు అవర్గళే!"

మాన్బుమిగు అంటే మహా గౌరవనీయులైన అని. పంకజం అంతా ఇంగ్లీషులో చెప్పింది. అధ్యక్షుడు నవ్వి తల వంచాడు. లోకనాథం ఆమె ముగించేదాకా ఆగి రెండో ఎంపీకి వచ్చాడు. తర్వాత మూడో ఆయనకు. ఎవరి ఊరు ఏది, ఆ ఊరిలో ప్రవహించే నది ఏది, ఏ నదికి ఎంత గొప్పదనం అని రాత్రంతా చదివి వచ్చినట్టున్నాడు. ప్రతి నదినీ పంకజం ఇంగ్లీషులోకి మోసింది. ఎంపీలు ఒకరినొకరు చూసుకుని సంతోషపడ్డారు.

"కడలి దాటే సరుకుకు చీకట్లో దీపం పట్టిన శాఖ పెద్ద అవర్గళే!" అన్నాడు ఆఫీసరు వైపు తిరిగి.

ఏసుదాసు కుర్చీలో ముందుకు వంగాడు. "అడుగప్పా" అన్నాడు వెనకనుంచి, తెలుగులో.

లోకనాథం వెనక్కి చూడకుండానే అరచెయ్యి చూపించాడు. వస్తున్నా, ఆగు అని.

తర్వాత కలెక్టరు పంపిన అధికారి వంతు అయ్యింది. పోలీసు అధికారిది అయ్యింది. హోటల్ యజమానిది అయ్యింది. తలుపు దగ్గర పార్టీ జిల్లా కార్యదర్శి నిలబడి ఉన్నాడు. ఆయనకు ఈ విచారణతో పనేమీ లేదు, ఊరికే వచ్చాడు. కానీ ఆయన పేరు వదిలితే గుడియాత్తంలో సంఘం జెండా ఎగరదు. ఆయనకు అందరికన్నా పొడుగు బిరుదు పడింది. ఆ తర్వాత, ఇంత దూరం వచ్చి ఈ మట్టిని తొక్కినందుకు పార్లమెంటుకు నన్రి, మా కష్టం తలుచుకున్నందుకు శాఖకు నన్రి అన్నాడు. నన్రి అంటే ధన్యవాదం. పంకజం దాన్నీ చక్కగా ఇంగ్లీషు చేసింది.

బల్ల మీద గంట మోగింది.

పార్టీ సభల్లో గంట మోగితే ఇంకా చాలాసేపు ఉందని అర్థం. చీటీ పంపితే దాన్ని మడిచి జేబులో పెట్టుకుంటారు. లోకనాథం గొంతు పెంచాడు. "ఇప్పుడు విషయానికి వస్తున్నాను. గుడియాత్తంలో ఒక చెల్లెలు ఉంది..."

మైకు ఆగిపోయింది.

అధ్యక్షుడు చేతులు జోడించి ఏదో అన్నాడు. పంకజం తమిళంలో చెప్పింది. "మీ మంచి మాటలకు కమిటీ సంతోషిస్తోంది. శాఖ చేసిన సేవ గురించి మీరు చెప్పింది రికార్డులో చేరింది."

ఏసుదాసు లేచి అరిచాడు. తెలుగులో అరిచాడో తమిళంలో అరిచాడో ఆయనకే తెలియదు. "కార్డు! కార్డు నడుపుతారా లేదా చెప్పమను!" పాపాతి కూడా పక్కనే లేచి, కట్టు కట్టిన చెయ్యి పైకి ఎత్తింది. పేరు పంపిన సాక్షి ఒక్కరే మాట్లాడాలని కమిటీ గుమాస్తా అడ్డం వచ్చాడు. అధ్యక్షుడు చూశాడు. ఏమిటని పంకజాన్ని అడిగాడు. ఆమె చెప్పబోయేసరికి అందరూ కుర్చీలు జరుపుతున్నారు. సాయంత్రం గుడి దర్శనానికి ఏర్పాటు చేశారట. ఏమైనా ఉంటే రాసి పంపమనండి అని చెప్పి ఆయన మెట్లు దిగాడు. శాలువా భుజం మీదే ఉంది.

కింద కార్ల దగ్గర ఏసుదాసు ఆఫీసరుకు అడ్డం నిలబడ్డాడు. పోలీసు పక్కకు తోశాడు. కార్లు వెళ్ళిపోయాయి. పంకజం మాత్రం ఆటో కోసం నిలబడి ఉంది. ఆయన ముఖం చూసి దగ్గరికి వచ్చింది. ఆమె ఇంట్లో కూడా తెలుగే.

"మీరేనా కార్డు గురించి అడిగింది?"

"ఆ."

"నేను చెప్పగూడదు. అయినా చెప్తా ఉండా. ఆ ఆఫీసరు దానికి జవాబు తెచ్చుకోనే వచ్చినాడు. పొద్దున నా దగ్గర చదివి చూపించినాడు. ఎవరన్నా అడిగితే కార్డు పొడిగిస్తామని ఒప్పుకోమని ఢిల్లీలో చెప్పి పంపినారంట. అడిగితేనే. అడక్కపోతే ఆ చీటీ తీయొద్దన్నారంట."

"ఎవరూ అడగలేదే."

"అడగలేదన్నా. అదే చూస్తా కూర్చున్నా. నేను దుబాసీని, అడిగేదానికి లేదు."

ఆమె ఆటో ఎక్కింది. ఏసుదాసు అక్కడే నిలబడ్డాడు. లోకనాథం మెట్లు దిగి వస్తున్నాడు. చొక్కా తడిసిపోయి ఉంది. "ఇంగో రెండు నిమిషాలు ఇచ్చుంటే ఏడిపించేసుందును" అన్నాడు. ఏసుదాసు ఆయన్ను దాటుకుని వెళ్ళి పాపాతి చెయ్యి పట్టుకున్నాడు.

బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. బస్సు కాట్పాడి దాటింది.

"అన్న హోటల్ ఓనరు పేరు గూడా చెప్పినాడు, విన్నావా?" అంది తర్వాత. "గంగా నది పేరు చెప్పినాడు. అందరి పేర్లూ చెప్పినాడు, నాది తప్ప."

అని నవ్వింది. ఏసుదాసు ఎదుటి సీటు కమ్మీ పట్టుకుని రోడ్డు చూస్తూ కూర్చున్నాడు. పంకజం చెప్పిన మాట ఆమెకు చెప్పలేదు. చేతికి అంది జారిపోయిందని తెలిస్తే ఆమె నవ్వు కూడా పోతుంది. ఆ రోజుకు ఆయన దగ్గర మిగిలింది ఆ నవ్వు ఒక్కటే.

రాసి పంపారు. సాక్ష్యాలు తీసుకోవడం ముగిసిందని జవాబు వచ్చింది. తర్వాత కమిటీ నివేదిక బయటికి వచ్చింది. వేలూరు ప్రాంతపు కార్మికుల ప్రతినిధి శాఖ పనితీరును కొనియాడి ధన్యవాదాలు తెలిపాడని, ఈ విషయంలో కొత్తగా సిఫారసు చేయాల్సిందేమీ లేదని అందులో ఉందట. తమిళ పేపరులో లోకనాథం శాలువా కప్పుతున్న ఫోటో కూడా పడింది. ఆయన దాన్ని ఎవరికీ చూపించుకోలేదు. అంతమటుకు మర్యాద తెలిసినవాడే.

కార్డు ఆగిపోయింది. ధర్మాసుపత్రిలో వంతు ఒక వారం దొరికేది, ఒక వారం దొరికేది కాదు. పాపాతి కాళ్ళు వాచాయి. తర్వాత ముఖం వాచింది. అద్దం అడిగి చూసుకుని, "ఇప్పుడు చూడు, పెళ్ళిలో కన్నా నిండుగా ఉండా" అంది. మామిళ్ళు పూతకొచ్చే నెలలో ఒక ఆదివారం చర్చి గంట కొడుతుండగా పోయింది. భూస్థాపనకు ఫ్యాక్టరీ వాళ్ళంతా వచ్చారు. లోకనాథం వచ్చి శ్మశానం గేటు బయటే నిలబడ్డాడు. లోపలికి రమ్మని ఏసుదాసు పిలవలేదు.

ఏడాది తిరిగింది. పాత నివేదిక మీద ఏ చర్య తీసుకున్నారో చూడటానికి కమిటీ మళ్ళీ వస్తోందన్నారు. లోకనాథం, కాంచన ఇద్దరూ ఏసుదాసు ఇంటికి వచ్చారు. ఆయన బయట నీళ్ళ తొట్టి కడుగుతున్నాడు. లోకనాథం గుమ్మం దగ్గర ఆగిపోయాడు. కాంచన ముందుకు వచ్చింది.

"మామా, ఈసారి నువ్వే మాట్లాడల్ల. సంఘమంతా అట్లే అనుకున్నాం. అత్త సంగతి నువ్వు చెప్తే వాళ్ళు వింటారు. మా ఆయనకు మందుల్లేక మొన్న బజార్లో పడిపోయినాడు. నా కోసం రా మామా."

ఏసుదాసు చీపురు పక్కన పెట్టాడు. "నీ మొగుడి సంగతి నువ్వే చెప్పు."

"నాకు మాటలు రావు."

"మాటలు ఎందుకు? లేచి నిలబడు. కార్డు నడుపుతారా లేదా అని అడుగు. జవాబు చెప్పేదాకా కూర్చోవద్దు. అది తప్ప ఇంగో మాట నోట్లోనుంచి రాకూడదు."

కాంచన తల ఊపింది. తర్వాత, "సరి మామా" అంది. "మొదట పెద్దోళ్ళకు వణక్కం చెప్పి, అందరికీ నన్రి చెప్పేసి, ఆమీన అడుగుతా. చెప్పకుంటే మర్యాదగా ఉండదు గదా. ఊరికి చెడ్డపేరు."

గుమ్మం దగ్గర లోకనాథం తల వంచుకుని నిలబడి ఉన్నాడు.

ఏసుదాసు ఆమె ముఖంలోకి చాలాసేపు చూశాడు. ఆమెలో వెటకారం లేదు. నిజంగానే అంటోంది. మొగుడు బజార్లో పడిపోయినా ఆమెకు మొదట గుర్తొచ్చేది వందనమే. అది ఆమె తప్పు కాదు. అందువల్లే దానికి మందు లేదు.

"పో కాంచనా" అన్నాడు.

"మామా..."

"పాపాతి సంగతి ఎవరూ ఎత్తొద్దు. నువ్వు ఎత్తొద్దు, ఆ నిలబడినాయన ఎత్తొద్దు. నేనూ ఎత్తను. కమిటీకి చెప్పను, ఫాదరుకు చెప్పను, చచ్చేటప్పుడు గూడా చెప్పను. ఇదే కడా మాట."